అయిపోయిన పనుల జాబితా

ఆఫీసులో పనిచేసిన రోజుల్లో ఆమెను అందరూ ‘చీటీ’ అని పిలిచేవారు. చేయాల్సిన పనులన్నీ చిన్న చిన్న పసుపు కాగితాల మీద రాసి కంప్యూటరు అంచున అంటించుకునేది. ఒకరోజు మేనేజరు వచ్చి, ఆ కాగితాల మధ్య కాస్తంత కనిపిస్తున్న తెరను చూసి, “ఇందులో పని చేసుకునే చోటెక్కడుందమ్మా?” అని అడిగాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ ఇంటికెళ్లాక ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆ ఏడాది చివర్లో ఉద్యోగం మానేసి, కాగితాలు అక్కర్లేకుండా ఫోనులోనే పనులు రాసుకునే యాప్ ఒకటి సొంతంగా తయారుచేయడం మొదలుపెట్టింది. ఆరేళ్లయింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. భర్త కూడా కోపం వచ్చినప్పుడు, ముద్దొచ్చినప్పుడు చీటీ అనే అంటాడు. ఏది ఎప్పుడో గొంతును బట్టి తెలుసుకోవాలి.

ఆ యాప్ పేరు ‘పూర్తి’. మర్నాడు చేయాల్సినవి ముందు రోజు రాత్రే అందులో రాసుకోవాలి. ఒక్కో పనీ అవగానే పక్కనున్న గడి మీద వేలు పెడితే టిక్కు పడుతుంది, ‘టక్’మని చప్పుడవుతుంది. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఆ చప్పుడు కోసమే ఆమె నాలుగు రోజులు తంటాలు పడింది. తలుపు గడియ, పెన్ను మూత, స్టీలు డబ్బా అన్నీ రికార్డు చేసి చూసింది. ఏదీ నచ్చలేదు. భర్తది కళ్లజోళ్ల దుకాణం. అక్కడ కళ్లజోడు పెట్టె మూసినప్పుడు వచ్చే చప్పుడు విని, “ఇదే!” అని అరిచింది. లోపల అక్షరాలు చదువుతున్న ముసలాయన ఉలిక్కిపడి కింది వరస మళ్లీ మొదటినుంచి చదివాడు.

ఆమె పని గది వంటింటి పక్కన ఉంటుంది. గది అంటే గది కాదు, బట్టలుతికే మెషీను కోసం కట్టిన చోటు. మెషీను పక్కనే బల్ల వేసుకుంది. మెషీను చివరి చుట్లు తిరిగేటప్పుడు బల్ల వణుకుతుంది, తెర మీద అక్షరాలు వణుకుతాయి, ఆమె చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఆ ఆరేడు నిమిషాల్లోనే ఆమెకు లేనిపోని ఆలోచనలన్నీ వచ్చేవి. పనులు త్వరగా అయ్యే సాధనం తయారుచేసే మనిషికి సొంత పనులు ఎందుకు కావు? తన ఫోనులో తన యాప్‌లోనే ‘పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి’ అనే మాట పదకొండు నెలలుగా ఒకరోజు నుంచి ఇంకో రోజుకి జరుగుతూ వస్తోంది. అది చాలదన్నట్టు బల్ల సొరుగులో ఎవరికీ తెలియకుండా ఓ పసుపు కాగితాల కట్ట కూడా ఉంది. ఒక వాడకందారు ఇలా రాశాడు: “మీ యాప్ అద్భుతం. ఇందులో ఏమీ లేకపోవడమే దీని గొప్పతనం. దయచేసి ఈ కింది పద్నాలుగు సదుపాయాలు చేర్చగలరు.” దానికి ఏమని జవాబివ్వాలో ఆమెకు ఇప్పటికీ తోచలేదు.

ఇలా ఉండగా ఒక సోమవారం కుర్చీలు, బల్లలు తయారుచేసే ఓ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. తమ దగ్గర నాలుగు వందల మంది పనిచేస్తున్నారని, అందరికీ ‘పూర్తి’ ఇవ్వాలనుకుంటున్నామని, దీన్ని వాడితే మనిషి ఎంత ఎక్కువ పని చేస్తాడో లెక్కలతో సహా రెండు నెలల్లో వచ్చి చూపించమని అందులో ఉంది. ఆరేళ్లలో ఇంత పెద్ద కబురు రావడం అదే మొదటిసారి. ఆమె ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి, అంతవరకూ ఎన్నడూ చేయని పని ఒకటి చేసింది. అసలు తన యాప్ వాడుతున్న తొమ్మిది వేల మంది దాన్ని ఎలా వాడుతున్నారో లెక్క తీసింది.

ఎవరు ఏం రాసుకున్నారో ఆమెకు కనపడదు. కనపడకూడదని తనే అలా కట్టింది. ఏ పని ఎప్పుడు రాశారు, ఎప్పుడు టిక్కు పెట్టారు అన్నది మాత్రమే తెలుస్తుంది. ఆ రెండింటి మధ్య సమయం ఎంతో చూసింది. చూసి కళ్లు నులుముకుంది. వందలో అరవై రెండు పనులు, రాసిన పది సెకన్లలోపే అయిపోతున్నాయి.

పది సెకన్లలో అయ్యే పని ఏముంటుంది? తుమ్మడమా?

ఇది యాప్‌లో ఎక్కడో తప్పు ఉండడం వల్లే అనుకుంది. ఆ మర్నాటి నుంచి ఆ తప్పు కోసం వెతకడం మొదలుపెట్టింది. గడియారం తప్పు చూపిస్తోందేమో చూసింది. చూపించడం లేదు. వేలు ఒకచోట పెడితే ఇంకోచోట టిక్కు పడుతోందేమో చూసింది. పడడం లేదు. నాలుగు రకాల ఫోన్లు అరువు తెచ్చి బల్ల మీద వరసగా పేర్చి, అన్నిటిలోనూ ‘అ’ అని రాసి టిక్కు పెడుతూ కూర్చుంది. ఇల్లంతా టక్, టక్, టక్.

“మా దుకాణం ఇంటికి తెచ్చావా?” అన్నాడు భర్త.

“అరవై రెండు శాతం అబద్ధం చెప్తోంది.”

“ఎవరు?”

“యాప్ చెప్తోందో, మనుషులు చెప్తున్నారో తెలీట్లేదు.”

“అదేంటి, మనుషులకి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది? వాళ్ల పనులు వాళ్లే రాసుకుంటారు, వాళ్లే చూసుకుంటారు. ఎవర్ని మోసం చెయ్యడానికి?”

అదే ఆమెకూ అంతుపట్టలేదు. రెండు వారాలు వెతికింది. తప్పు దొరకలేదు. చివరికి, జనం చూసుకోకుండా వేలు తగిలిస్తున్నారని తీర్మానించుకుని ఓ చిన్న మార్పు చేసింది. రాసిన నిమిషంలోపే ఎవరైనా టిక్కు పెడితే, తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: ‘నిజంగా అయిందా?’ అవును, కాదు అని రెండు గడులు. మంచి పని చేశాననుకుని ఆ సాయంత్రం హాయిగా ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు పొద్దున టీ కప్పు పట్టుకుని బల్ల ముందు కూర్చునేసరికి మెయిల్లో నూట డెబ్భై ఉత్తరాలు. మామూలుగా నెలకి పది వస్తే గొప్ప. “మీకెందుకు?” అని ఒకరు. “మా అమ్మ కూడా నన్నిలా అడగదు” అని ఇంకొకరు. ‘అవును, అవును, అవును, అవును’ అని అరపేజీ నింపి కింద సంతకం పెట్టినవారు ఒకరు. ఆమెకు తల తిరిగిపోయింది. చేసిన పనిని అయిందా అని అడిగితే ఇంత కోపం దేనికి?

ఆ ఉత్తరాలు చదువుతుండగానే తలుపు దగ్గర దగ్గు వినిపించింది. మామగారు. ఆయన బస్సు డిపోలో టైమ్ కీపరుగా ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. కోడలి గదిలోకి ఎప్పుడూ చెప్పకుండా రారు. గుమ్మం దగ్గర దగ్గి, రమ్మనేదాకా నిలబడతారు.

“రండి మామయ్యగారూ.”

ఆయన లోపలికొచ్చి, మెషీను మీద ఓ చెయ్యి ఆనించి, రెండో చేతిలో ఫోను ముందుకు చాపారు.

“అమ్మాయ్, నీ యాప్ నన్ను అనుమానిస్తోంది.”

“మీరు వాడుతున్నారా?” అంది ఆమె ఆశ్చర్యపోయి. రెండేళ్ల కిందట ఆయన ఫోనులో తనే పెట్టింది. మొహమాటానికి ‘బాగుందమ్మా’ అన్నారని, ఆ తర్వాత తెరిచి ఉండరని అనుకుంది.

“రోజూ వాడతాను. ఇవాళ పొద్దున గెడ్డం గీసుకున్నాను. రాశాను. టిక్కు పెట్టబోతే నిజంగా అయిందా అంటుంది. అద్దంలో చూసుకుని మరీ వచ్చానమ్మా. అయింది.”

ఆమె ఫోను తీసుకుని చూసింది. జాబితా డిపో రిజిస్టరు భాషలో ఉంది.

‘గెడ్డము గీసుకొనుట. పూర్తి. మొక్కలకు నీరు పోయుట. పూర్తి. పంపు బాగుచేయు మనిషి వచ్చి వెళ్లుట. పూర్తి. అబ్బాయితో మాట పట్టింపు. పూర్తి.’

“ఇదేంటి మామయ్యగారూ, మాట పట్టింపు కూడా పనేనా?”

“వాడికి చెప్పకు. నిన్న పేపరు దగ్గర వచ్చింది. అయిపోయింది, అందుకే టిక్కు.”

“అది కాదు. మీరు పని చేసేసి తర్వాత రాస్తున్నారా?”

ఆయన ఆమె వైపు వింతగా చూశారు. “మరి ఎప్పుడు రాస్తారమ్మా?”

“చెయ్యకముందు. చెయ్యాల్సినవి రాసుకోవడానికే కదా ఇది!”

“బస్సు డిపోలోకి వచ్చాకే కదా నేను టైము వేసేది! రాకముందే వేస్తే అది దొంగ రిజిస్టరు. ఉద్యోగం పోతుంది.” మెల్లగా అన్నారు: “రిటైరయ్యాక మొదటి ఏడాది, పొద్దున లేచింది మొదలు ఏదో ఒకటి చేస్తూనే ఉండేవాణ్ణి. పడుకునే ముందు ఇవాళ ఏం చేశానా అని చూసుకుంటే ఒక్కటీ గుర్తొచ్చేది కాదు. ఇందులో రాస్తుంటే... రోజు జరిగినట్టుంటుంది.”

ఆమె ఆ జాబితా ఇంకోసారి చూసింది. ఫోను తిరిగి ఇచ్చేసింది. ఆయన వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “అవును అని నొక్కాను. తప్పు లేదుగా?” అని అడిగి వెళ్లారు.

రెండు వారాలు తను వెతికిన తప్పు పక్క గదిలోనే రోజూ గెడ్డం గీసుకుంటోంది! నవ్వు రావాలి కానీ రాలేదు. మామగారంటే డిపో మనిషి, ఆ అలవాటు వేరు. తొమ్మిది వేల మందీ టైమ్ కీపర్లు కాదు కదా. వాళ్లకేం వచ్చింది?

నూట డెబ్భై ఉత్తరాల్లో కాస్త మర్యాదగా ఉన్నదాన్ని ఒకటి వెతికింది. రాసినావిడ పళ్ల డాక్టరు. ఇదే ఊళ్లో, నాలుగు వీధుల అవతల ఆవిడ ఆస్పత్రి. ‘మీ ప్రశ్న వల్ల నా రోజు పాడవుతోంది. వీలైతే వచ్చి కలవండి, చెప్తాను’ అని రాసింది. పళ్ల డాక్టరు అన్న మాట చూడగానే మనసు కీడు శంకించినా, పని కోసం వెళ్తున్నాను, పంటి కోసం కాదు అని తనకు తను నచ్చజెప్పుకుని బయల్దేరింది.

అది ఒకే గది ఆస్పత్రి. డాక్టరుకి ఓ ఎత్తు స్టూలు, పేషెంటుకి ఓ పొడుగాటి కుర్చీ తప్ప వేరే ఆసనం లేదు.

“కూర్చోండి, పర్లేదు,” అంది డాక్టరు ఆ కుర్చీ చూపిస్తూ.

కూర్చోగానే కుర్చీ వెనక్కి వాలిపోయింది. ముఖం మీద దీపం వెలిగింది. చేతిలోని నోటుపుస్తకం గుండెల మీద పెట్టుకుని పైకప్పు చూస్తూ మొదటి ప్రశ్న అడగడానికి నోరు తెరిచింది.

“అలాగే ఉంచండి,” అంది డాక్టరు. అలవాటైన చెయ్యి అద్దం పుల్ల అందుకుని లోపలికి వెళ్లిపోయింది. “మీరే కదా ఆ యాప్ చేసింది? చాలా మంచిది. ఆరేళ్లుగా... అబ్బో, కింద కుడివైపు వెనకపన్ను చూశారా? ఎన్నాళ్లయింది?”

“ఆ... అ...” అంది ఆమె. పదకొండు నెలలు అనడానికి.

“చెప్తాను వినండి. నేను రోజుకి పాతిక నోళ్లలోకి చూస్తాను. అన్నీ ఒకలాగే ఉంటాయి. సాయంత్రానికి ఏ నోరు ఎవరిదో గుర్తుండదు. ఒక్కొక్కరు లేచి వెళ్లగానే చేతులు కడుక్కుని మీ దాంట్లో రాస్తాను. పై దవడ, ఎడమ, రెండోది. టక్. నాకు ఆ టక్ కావాలి. అది వింటే ఆ నోరు అయిపోయి, తర్వాత నోరు మొదలైనట్టు ఉంటుంది. ఇప్పుడేమో మీరు మధ్యలో దూరి నిజంగా అయిందా అంటారు. అయిందో లేదో పన్నుకి తెలియాలి, నాకు తెలియాలి, మీకెందుకండీ?”

“అ... హే...”

“మాట్లాడకండి, సూది ఉంది.”

అలా ఆమె ఆ రోజు అడగాలనుకున్న తొమ్మిది ప్రశ్నల్లో ఒక్కటీ అడగకుండానే, పన్ను బాగు చేయించుకుని, సగం మూతి మొద్దుబారి బయటికొచ్చింది. వెనక నుంచి టక్‌మని వినిపించింది. తననే రాసుకుని ఉంటుందని అర్థమైంది. మెట్లు దిగుతూ తనూ ఫోను తీసి ‘పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి’ పక్కన వేలు పెట్టింది. టక్. పదకొండు నెలల తర్వాత. ఒప్పుకోవడానికి ఇష్టం లేకపోయినా ఏదో తేలికగా అనిపించింది. అది పన్ను బాగయినందుకా, టిక్కు పడినందుకా అన్నది దారి పొడుగునా ఆలోచించి తేల్చుకోలేకపోయింది.

ఇంటికొచ్చి ఆ ప్రశ్న తీసేసింది. ఆ తర్వాత ఆమెకు ఇంకో ఆలోచన తట్టింది. జనానికి చేసేసినవి రాసుకోవడమే కావాలంటే అందుకు విడిగా ఓ పేజీ ఎందుకు ఉండకూడదు? మూడు వారాలు కూర్చుని ‘చేసినవి’ అనే కొత్త పేజీ కట్టింది. అందులో రాస్తే చాలు, టిక్కు పెట్టే శ్రమ కూడా ఉండదు. పని అయ్యాకే రాస్తారు కనుక అయినట్టే లెక్క. చాలా తెలివైన పని చేశానని మురిసిపోయింది. మొదట మామగారికే చూపించింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, “ఇది నా కోసమే చేసినట్టుందమ్మా” అన్నారు.

రెండు రోజుల తర్వాత చూస్తే ఆయన మళ్లీ పాత పేజీలోనే రాస్తున్నారు.

“ఏం మామయ్యగారూ, కొత్తది బాగాలేదా?”

“బాగుందమ్మా. కానీ అందులో టిక్కు లేదు.”

“టిక్కు ఎందుకండీ? అది అయిపోయిన పనే కదా!”

“అయిపోయిన పనే. కానీ అయిపోయిందని ఎవరో ఒకరు అనాలి కదా?”

తొమ్మిది వేల మందిలో ‘చేసినవి’ పేజీని నెలాఖరుకి నలభై మంది వాడారు. వాళ్లలో ముప్ఫై మంది ఒకసారి చూసి వదిలేశారు. ఆమె ఆ పేజీలో కూడా టిక్కు పెడదామని కూర్చుంది. సగం కట్టాక ఆగి చూసుకుంటే, అది అచ్చం పాత పేజీలాగే ఉంది. పేరొక్కటే తేడా. మెషీను చివరి చుట్లు తిరుగుతోంది. వణుకుతున్న తెర వంక చూస్తూ చేతులు కట్టుకుని కూర్చుని, మెషీను ఆగాక ఆ పేజీ మొత్తం తీసేసింది. రెండు నెలల పని. యాప్ మొదట ఎలా ఉందో ఇప్పుడూ సరిగ్గా అలాగే ఉంది, ఒక్క అక్షరం తేడా లేకుండా. కంపెనీ వాళ్లకి చూపించాల్సిన రోజు మాత్రం వచ్చేసింది.

కంపెనీ ఆరంతస్తుల భవనం. పై అంతస్తులో ఉద్యోగుల వ్యవహారాలు చూసే అధికారిణి చాలా ఆదరంగా కూర్చోబెట్టింది. కాఫీ ఇచ్చింది. యాప్ చూసి, టక్ విని, మెచ్చుకుంది. అప్పుడు అడిగింది.

“ఇది వాడితే మనిషి ఎంత ఎక్కువ పని చేస్తాడండీ?”

ఇంట్లో అద్దం ముందు దీనికి మూడు జవాబులు తయారుచేసుకుంది. ఒక్కటీ నోటికి రాలేదు.

“తెలీదండీ.”

“అంటే సుమారుగా?”

“సుమారుగా కూడా తెలీదు. ఎక్కువమంది పని చేసేశాక రాసుకుంటున్నారు. రాసి వెంటనే టిక్కు పెట్టుకుంటున్నారు. పని పెరుగుతుందని నేను చెప్పలేను. తగ్గుతుందని కూడా చెప్పలేను.”

అధికారిణి కప్పు కింద పెట్టింది. “మరి మీకు ఆ సంగతి ఎలా తెలిసింది?”

ఆమె జరిగిందంతా చెప్పింది. ‘నిజంగా అయిందా?’ అన్న ప్రశ్న సంగతి చెప్పగానే అధికారిణి ముందుకు వంగింది.

“అది బాగుందే! మాకు అది కావాలి. పెట్టేయండి. ‘అవును’ నొక్కితే ఆ విషయం పై సూపర్‌వైజరుకి వెళ్లేలా చేయండి. ఆయన వెళ్లి చూసి వస్తాడు. మిగతాదంతా మాకు నచ్చింది.”

“అది తీసేశానండీ.”

“మళ్లీ పెట్టొచ్చుగా?”

“పెట్టొచ్చు. గంట పని.”

“ఇంకేం మరి?”

“పెట్టను,” అంది ఆమె.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. అధికారిణి కంటే ఆమే ఎక్కువ తెల్లబోయింది.

“ఎందుకో తెలుసుకోవచ్చా?” అంది అధికారిణి, కోపం లేకుండానే.

“చెప్పగలిగితే చెప్పేదాన్నండీ. పెట్టినప్పుడు అది మంచి ప్రశ్నే అనుకున్నాను.”

“పోనీ ఆలోచించుకుని రేపు చెప్పండి.”

లిఫ్టులో దిగేటప్పుడు ఏ అంకె నొక్కిందో చూసుకోలేదు. తలుపు తెరుచుకుంటే ఎదురుగా గోడౌను. కాళ్లు ఇంకా బిగించని కుర్చీలు వందల కొద్దీ నేల మీద వరసగా కూర్చుని ఉన్నాయి. స్క్రూలు బిగిస్తున్న ఒకాయన తలెత్తి, “ఎవరు కావాలమ్మా?” అన్నాడు. “దారి కావాలి,” అంది. అతను స్క్రూడ్రైవరుతోనే గుమ్మం వైపు చూపించి, కాళ్లు బిగించిన కుర్చీని పక్కకి జరిపి, గోడ మీద సుద్దముక్కతో ఓ గీత గీసుకుని మళ్లీ పనిలో పడ్డాడు. గోడ మీద అప్పటికే చాలా గీతలున్నాయి. ఆ గీతల్ని ఇంకా చూడాలనిపించింది కానీ, అక్కడ నిలబడడానికి ఏ కారణం చెప్పాలో తెలియక బయటికొచ్చేసింది.

సాయంత్రం భర్త దుకాణం నుంచి వస్తూనే అడిగాడు.

“చీటీ, ఏమైంది?”

“వద్దన్నాను.”

“వాళ్లు వద్దన్నారా?”

“లేదు. నేను.”

అతను చెప్పులు విప్పడం ఆపి చూశాడు. “ఎందుకు?”

“తెలీదు.”

“తెలీకుండా వద్దని ఎలా అంటావు?”

“అదే నాకూ అర్థం కావట్లేదు. అయిందా అని నేనడిగితేనే జనానికి అంత కోపం వచ్చింది. ఎవరో పైనుంచి వచ్చి చూస్తారంటే... మామయ్యగారు గెడ్డం గీసుకున్నారో లేదో ఎవరో వచ్చి గెడ్డం నిమిరి చూసినట్టు అనిపించింది. కానీ అది కంపెనీ కదా, వాళ్ల పని వాళ్లు చూసుకోవాలి కదా, అది తప్పు కాదు కదా? నాకు రెండూ సరిగ్గానే కనపడుతున్నాయి.”

అతను రెండో చెప్పు కూడా విప్పాడు. తర్వాత సోఫా మీద వాలి అన్నాడు. “కళ్లు చూసేటప్పుడు రెండు అద్దాలు మార్చి మార్చి పెట్టి, ఇది బాగుందా, అది బాగుందా అని అడుగుతాను. ఒక్కోసారి రెండూ ఒకలాగే ఉన్నాయంటారు. అప్పుడు నేను బలవంతం చెయ్యను. కళ్లు అలిసిపోయి ఉంటాయి, ఇంకోరోజు రమ్మంటాను.”

“వాళ్లు రేపే చెప్పమన్నారు.”

“అయితే నాకూ తెలీదు,” అన్నాడతను.

మర్నాడు ఆమె కంపెనీకి మూడు వాక్యాలు రాసింది. యాప్ ఉన్నది ఉన్నట్టు ఇవ్వగలనని, ప్రశ్న మాత్రం పెట్టలేనని, కారణం తెలిశాక తప్పకుండా తెలియజేస్తానని. అందులో చివరి వాక్యం తీసేయమని భర్త చెప్పాడు. ఆమె తీయలేదు. వారం తర్వాత జవాబొచ్చింది. వేరేవాళ్ల యాప్ తీసుకున్నామని, శుభాకాంక్షలని. అది చదివి ఆమెకు కొంచెం ఏడుపొచ్చింది. అంతలోనే తప్పించుకున్నట్టు కూడా అనిపించింది. రెండిట్లో ఏది ముందు వచ్చిందో గుర్తు లేదు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఎంతో లేదు. వారానికి మూడు రోజులు ఓ పెద్దాస్పత్రిలో రోగులకు వేళలు ఇచ్చే ప్రోగ్రామును చూసుకునే పని ఒప్పుకుంది. మిగతా రోజులు ‘పూర్తి’ కోసం. యాప్ మొదటి పేజీలో ఆరేళ్లుగా ఒక వాక్యం ఉండేది. ‘రేపటి పనులు ఇవాళే రాసుకోండి, రెట్టింపు పని చేయండి.’ మొదట ‘రెట్టింపు పని చేయండి’ తీసేసింది, అది నిజం కాదు కనుక. తర్వాత ‘రేపటి పనులు’ తీసేసింది. ‘ఇవాళే’ అన్న మాట ఒంటరిగా ఆజ్ఞలా ఉందని అదీ తీసేసింది. ఇప్పుడక్కడ ‘రాసుకోండి’ అని మాత్రమే ఉంది. అదైనా ఎందుకని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వాడేవాళ్లు తగ్గలేదు, పెద్దగా పెరగనూ లేదు. సొరుగులోని పసుపు కాగితాల కట్ట తీసి బల్ల మీదే పెట్టుకుంది. ఇంక దాచడానికి కారణం కనపడలేదు.

కొత్తగా చేరినవాళ్లలో పక్కింటావిడ ఒకరు. మామగారే చేర్పించారు. కుట్టు మెషీను మీద రోజంతా కర్టెన్లు కుట్టే మనిషి, గట్టి గొంతు. పోయిన నెలలో ఒక పొద్దున తలుపు కొట్టి, ఫోను పట్టుకుని లోపలికి వచ్చేసింది.

“ఇందులో చెయ్యకూడనివి రాసుకోవచ్చా అమ్మా?”

“చెయ్యకూడనివా?”

“మా చెల్లెలికి ఫోన్ చేసి దెబ్బలాడకూడదు. అది రాసుకున్నాను. ఇప్పుడు దెబ్బలాడితే టిక్కు పెట్టాలా, ఆడకపోతే పెట్టాలా?”

“ఆడకపోతే పెట్టాలి కదండీ.”

“ఎప్పుడు పెట్టాలి? పొద్దున పెట్టేస్తే మధ్యాహ్నం ఆడొచ్చని ధైర్యం వస్తుంది. నిన్న అదే జరిగింది.”

“పోనీ రోజు గడిచాక పెట్టండి.”

“రోజంతా అది ఖాళీగా నా వంక చూస్తుంటే, దాన్ని చూసినప్పుడల్లా చెల్లెలే గుర్తొస్తుందమ్మా. గుర్తొస్తే ఫోన్ చెయ్యాలనిపిస్తుంది.”

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. వంటింట్లోంచి మామగారు తొంగిచూసి, “అసలు గొడవ దేనికమ్మా?” అన్నారు. పక్కింటావిడ అది మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఎప్పుడో పెళ్లిళ్లు కాకముందు ఇద్దరూ కలిసి కుట్టిన ఓ పరదా ఎవరిదన్న విషయం. మామగారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆమె ఓ పసుపు కాగితం చింపి, ‘చెయ్యకూడని పని: టిక్కు ఎప్పుడు?’ అని రాసి తెర అంచున అంటించింది. సాయంత్రంలోగా ఆలోచించి చెప్తానంది.

ఇవాళ్టికి మూడు వారాలు. ఆమె ఇంకా ఆలోచిస్తూనే ఉంది.